మా రోజుల్లో శత్రువుకి ఒక మొహం ఉండేది

పొద్దున పేపరు వచ్చిందంటే మా ఇంట్లో కుర్రకారు రెండు జట్లు. ఒకడు ఇజ్రాయెల్ పక్షం, ఇంకొకడు పాలస్తీనా పక్షం. కాఫీ చల్లారిపోతుంది గానీ వీళ్ల వాదన చల్లారదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకురా అంటే నా మీద విరుచుకుపడతారు, నీకు మానవత్వం లేదా తాతయ్యా అని. మానవత్వం సంగతి తర్వాత, ముందు హెబ్రాన్ ఎక్కడుందో పటంలో వేలు పెట్టి చూపించండిరా అన్నాను. ఇద్దరూ ఫోన్లు తీశారు. పోనీ, రామల్లాకీ జెరూసలేముకీ మధ్య ఎంత దూరం? మళ్లీ ఫోనే. పదిహేను కిలోమీటర్లు నాయనా, మనం పక్క టౌనుకి సినిమాకి వెళ్లేంత. ఆ కాస్త దూరం దాటడానికి అక్కడి మనిషికి ఒక కాగితం కావాలి, ఆ కాగితం ఇచ్చేవాడికి మనసు రావాలి, వెళ్లిన రోజున గేటు తెరిచి ఉండాలి. ఇవేమీ తెలియకుండా పక్షం ఎలా కడతారో నాకు అంతుబట్టదు.

మా రోజుల్లో ఒక సంగతి మీద నోరు విప్పాలంటే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునేవాళ్లం. 1967 జూన్‌లో యుద్ధం వచ్చినప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణి. పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో, దాని చుట్టూ సగం ఊరు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలయ్యాయంటే దగ్గు వచ్చినా ఆపుకునేవారు. పేపరు మధ్యాహ్నం బస్సుకి వచ్చేది. ఈలోపు మా మాస్టారొకాయన లైబ్రరీ అట్లాసు తెచ్చి, ఇదిగో సినాయ్, ఇదిగో గాజా, ఇది జోర్డాను నది, దానికి పడమటి ఒడ్డు ఇదీ అని ఒక్కొక్కటే చూపించేవాడు. ఆయన ఒకటి చూపించడం పూర్తయ్యేలోగా అది ఇజ్రాయెల్ చేతిలో పడిపోయేది. ఆరు రోజుల్లో సినాయ్, గాజా, వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేము, గోలన్ కొండలు. ఆ గాజాలోనే మన సైనికులు కొందరు చనిపోయారని కూడా రేడియోలో విన్నాం. మనవాళ్లకి అక్కడేం పని అంటావేమో. 1956 సూయజ్ గొడవ తర్వాత ఐక్యరాజ్యసమితి పంపిన శాంతి సేనలో మనవాళ్లూ ఉన్నారు. 1967 మేలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ఆ సేనని పొమ్మన్నాడు. మూటాముల్లే సర్దుకుంటుండగానే యుద్ధం మీద పడింది. ఇప్పుడు గాజా గురించి పది సెకన్ల వీడియో చూసి తీర్పులు చెప్పే మీలో ఎంతమందికి తెలుసు, ఆ ఇసుకలో మన సిపాయిల నెత్తురు కూడా ఉందని?

అక్కడితో అయిపోలేదు. 1973లో ఈజిప్టు, సిరియా కలిసి యుద్ధం మొదలుపెట్టాయి. అరబ్బు దేశాలు చమురు బిగించాయి. మూడు డాలర్ల పీపా నాలుగు నెలల్లో పన్నెండు డాలర్ల దాకా పోయింది. మా ఇంట్లో లాంతరు వత్తి తగ్గించేసి పరీక్షకి చదువుకున్నాడు మా తమ్ముడు. కిరసనాయిలు డబ్బా పట్టుకుని క్యూలో నిలబడ్డ మా అమ్మకి గోలన్ కొండలెక్కడున్నాయో తెలీదు గానీ, అక్కడ తగువు తీరితే తప్ప ఇక్కడ దీపం వెలగదని మాత్రం తెలుసు. అందుకే మాకు అది పరాయివాళ్ల కథగా అనిపించలేదు. తర్వాత నేను సోషలు మాస్టారినయ్యాక, ఏ పాఠం ఎగ్గొట్టినా ఈ పాలస్తీనా పాఠం మాత్రం ఎగ్గొట్టలేదు.

చాక్‌పీసుతో బోర్డు మీద గీస్తే పిల్లలు ముందు ఆశ్చర్యపోయేది ఆ నేల సైజుకి. ఇంత రభసకి కారణమైన నేల ఎంతుంటుందనుకున్నావ్? వెస్ట్ బ్యాంక్ మొత్తం మన పాత పశ్చిమ గోదావరి జిల్లాకంటే చిన్నది. గాజా 365 చదరపు కిలోమీటర్లు, పొడుగు నలభై కిలోమీటర్లు, అందులో ఇరవై లక్షల పైచిలుకు జనం. జెరూసలేములో యూదులు ఆలయ పర్వతమనీ ముస్లింలు హరమ్ అల్ షరీఫ్ అనీ పిలుచుకునే ఆవరణ సుమారు 35 ఎకరాలు. దాని పడమటి గోడ దగ్గర ఒకరి ప్రార్థన, గోడకి పైన అల్ అక్సా మసీదులో ఇంకొకరి నమాజు. ఆ ఎకరాల్లో ఒక రాయి కదిలితే కైరోలో, జకార్తాలో ఊరేగింపులు. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి ఈ కాస్త నేలని రెండు దేశాలుగా విడగొట్టాలని తీర్మానించినప్పుడు మన దేశం వద్దని ఓటేసింది. అప్పటికి మూడు నెలల కిందటే మనం చీలిక అంటే ఏమిటో కళ్లారా చూశాం కాబట్టి ఆ ఓటు ఎందుకు పడిందో మా తరానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఇంతకీ నేను చెప్పొచ్చిందేమిటంటే, మా రోజుల్లో ఆ శత్రువులు ఒకరినొకరు ఎరుగుదురు. 1967 యుద్ధం అయ్యాక, ఎవరూ నమ్మరు గానీ, గేట్లు తెరుచుకున్నాయి. 1970లలో, 80లలో గాజాలో ఉన్నవాడు తెల్లవారుజామున లేచి షేర్ టాక్సీ ఎక్కితే పని వేళకి టెల్ అవీవ్‌లో ఉండేవాడు. లక్ష మందికి పైగా పాలస్తీనా వాళ్లు ఇజ్రాయెల్‌లో ఇళ్లు కట్టారు, తోటల్లో పళ్లు కోశారు, హోటళ్లలో పళ్లాలు కడిగారు. పనిచేసే చోట హీబ్రూ నేర్చుకున్నారు. శనివారం సెలవు రోజున ఇజ్రాయెలీలు కారు రిపేరుకీ, కూరగాయలకీ, చవగ్గా పంటి వైద్యానికీ గాజాకీ, వెస్ట్ బ్యాంక్ ఊళ్లకీ వెళ్లేవారు. మేస్త్రి కూతురి పెళ్లికి యజమాని వచ్చి కూర్చున్న సందర్భాలు ఆ కాలం మనుషులు ఇప్పటికీ చెప్పుకుంటారు. తిట్టుకున్నా మనిషి ఎదురుగా ఉండేవాడు. వాడికి ఒక పేరుండేది, మోకాళ్ల నొప్పి ఉండేది, పిల్లల ఫీజుల బాధ ఉండేది.

ఇది చెబితే మా మనవరాలు ఊరుకోలేదు. అది హైదరాబాదులో ఎమ్మే చదువుతోంది, దాని నోరు దానిది. "తాతయ్యా, ఇల్లు కట్టేవాడు ఎవరు, కట్టించుకునేవాడు ఎవరు? మోకాళ్ల నొప్పి ఎవరికి?" అంది. నిజమే తల్లీ. ఆ తెరిచిన గేటుకి ఇవతల మిలిటరీ పాలన ఉంది. సాయంత్రం పని ముగించుకుని వెనక్కి వెళ్లేవాడికి ఓటు లేదు, భూమి మీద భరోసా లేదు, తన జెండా ఎగరేస్తే జైలు. ఆ పెళ్లికి వచ్చిన యజమాని ఉదారుడే కావచ్చు, అతను యజమాని కాబట్టి రాగలిగాడు. ఆ మాట నేను కొట్టిపారెయ్యను. అయినా సరే, ఇప్పటికంటే అదే నయమని అంటాను. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికి మాట్లాడుకోవాల్సిన మనుషులు ఆనాడు ఒకరి భాష ఒకరికి తెలిసినవాళ్లు. ఇవాళ అన్యాయం రెట్టింపయింది, భాష పోయింది.

ఎలా పోయిందో విను. ఒక్కరోజులో మూసిన గేటు కాదది. 1987 డిసెంబరులో గాజాలో మొదటి ఇంతిఫాదా మొదలైంది. ఇరవై ఏళ్ల మిలిటరీ పాలన మీద కుర్రాళ్లు రాళ్లు పట్టుకుని తిరగబడ్డారు. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం సాకుతో, అందరికీ ఉన్న ప్రయాణ అనుమతి రద్దయింది. మనిషి మనిషికీ విడిగా పర్మిట్ కావాలన్నారు. 1993 మార్చిలో కత్తిపోట్ల వల్ల మొత్తం మూసేశారు. తర్వాత బస్సుల్లో బాంబులు. ఆ బాంబులు మామూలు జనాన్ని, బడికి పోయే పిల్లల్ని చంపాయి. కాబట్టి గోడ కావాలన్న ఇజ్రాయెల్ తల్లి భయాన్ని నేను తక్కువ చెయ్యను. 2002లో గోడ కట్టడం మొదలుపెట్టారు, దాదాపు ఏడొందల కిలోమీటర్ల పథకం. బాంబులు తగ్గాయి. కానీ ఆ గోడని తమ సరిహద్దు మీద కట్టుకున్నారా అంటే అదీ లేదు, ఎక్కువ భాగం వెస్ట్ బ్యాంక్ లోపలికి జరిపి కట్టారు. రైతు ఇల్లు ఒక పక్క, ఆలివ్ తోట ఒక పక్క. తన చెట్టు కాయ తాను కోసుకోవడానికి గేటు దగ్గర వేళ చూసుకుని నిలబడాలి. 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ లోపలికి జరిపిన గోడ చట్టవిరుద్ధమని చెప్పింది. చెప్పి ఇరవై ఏళ్లు దాటింది.

దీనితో రెండు తరాలు మారిపోయాయి. ఇప్పుడు నాబ్లస్‌లో పదిహేనేళ్ల పిల్లాడికి తెలిసిన యూదుడు ఎవరంటే చెక్‌పోస్టులో తుపాకీ పట్టుకున్న సైనికుడు, లేకపోతే కొండ మీద నుంచి దిగి వచ్చి తోట తగలబెట్టే సెటిలరు, అంటే వెస్ట్ బ్యాంక్‌లో ఇళ్లు కట్టుకుని దిగిన ఇజ్రాయెలీ. టెల్ అవీవ్‌లో పదిహేనేళ్ల పిల్లాడికి తెలిసిన పాలస్తీనా మనిషి ఎవరంటే టీవీలో ముసుగు వేసుకున్నవాడు. వీళ్లిద్దరూ రేపు సంధి మాట్లాడుకోవాలి. మీరు ఇంగ్లీషు పేర్లతో పెద్ద పెద్ద అడ్డంకులు చెబుతారు, సరిహద్దులూ భద్రతా అంటూ. అవన్నీ ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఈ ఎరగనితనం అంటాను నేను.

ఇక వాయిదాల సంగతి. 1993 సెప్టెంబరు 13న వైట్‌హౌస్ పచ్చిక మీద ఇజ్రాయెల్ ప్రధాని రబిన్, పాలస్తీనా నాయకుడు అరాఫత్ చేతులు కలిపితే మా స్టాఫ్ రూములో మేం స్వీట్లు పంచుకున్నాం. ఓస్లోలో రహస్యంగా కుదిరిన ఒప్పందం అది. ఐదేళ్లు తాత్కాలిక ఏర్పాటు, ఆ తర్వాత అసలు సంగతులు తేల్చుకుందాం అన్నారు. అసలు సంగతులంటే జెరూసలేము, శరణార్థులు, సెటిల్‌మెంట్లు, సరిహద్దులు, భద్రత. అంటే తగువంతా తర్వాతకి పెట్టి, తగువు లేనివి ముందు రాసుకున్నారన్నమాట. మన ఊళ్లో పొలం గట్టు తగాదా వస్తే పెద్దమనుషులు మొదట చేసే పనేమిటి? తీర్పు వచ్చేదాకా ఎవరూ ఆ చెక్కలో పలుగు దించొద్దంటారు. బలమున్నవాణ్ణి ఈలోగా బోరు వేసుకోనిచ్చి, షెడ్డు కట్టుకోనిచ్చి, కొబ్బరి మొక్కలు పాతుకోనిచ్చి, ఐదేళ్ల తర్వాత గట్టు ఎక్కడా అని అడిగితే ఇంకెక్కడి గట్టు? ఓస్లో ఒప్పందంలో ఆ పలుగు మాట ఎవరూ గట్టిగా రాయలేదు. సంతకాల నాటికి వెస్ట్ బ్యాంక్‌లో, తూర్పు జెరూసలేము కాకుండా, సెటిలర్లు లక్షా పదివేల చిల్లర. ఇప్పుడు ఐదు లక్షలు దాటారు. తూర్పు జెరూసలేములో ఇంకో రెండు లక్షల పైన. 1995లో వెస్ట్ బ్యాంకుని ఏ, బీ, సీ అని ముక్కలు చేశారు. సీ అంటే పూర్తిగా ఇజ్రాయెల్ అధీనం, అది 60 శాతం. అదీ తాత్కాలికమే. ఆ తాత్కాలికంలో పుట్టినవాళ్లకి ఇప్పుడు పిల్లలు. 2025 ఆగస్టులో జెరూసలేముకి తూర్పున ఈ1 అనే చోట మూడు వేల పైచిలుకు ఇళ్లకి అనుమతిచ్చారు. అవి లేస్తే వెస్ట్ బ్యాంక్ ఉత్తర భాగానికీ దక్షిణ భాగానికీ మధ్య మేకు దిగినట్టే. ఆ ఇళ్లు మంజూరు చేసిన మంత్రి, పాలస్తీనా దేశం అనే ఆలోచననే పాతిపెట్టడానికి ఇది అని బాహాటంగా చెప్పుకున్నాడు.

మా రోజుల్లో నాయకులు ఎలా ఉండేవారో చెప్పనా? 1973లో యుద్ధం చేసిన ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, నాలుగేళ్లు తిరిగీ తిరక్కుండానే 1977 నవంబరులో విమానం ఎక్కి జెరూసలేము వెళ్లాడు. శత్రువు పార్లమెంటులో నిలబడి మాట్లాడాడు. ఎదురుగా కూర్చున్న ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ ఏమన్నా మెతక మనిషా? బ్రిటిష్ వాళ్ల మీద బాంబులు వేయించిన ఇర్గున్ అనే సాయుధ దళం నాయకుడు, అంగుళం నేల వదలనన్నవాడు. ఆ బెగినే 1978లో క్యాంప్ డేవిడ్‌లో పదమూడు రోజులు కూర్చుని, సినాయ్ మొత్తం తిరిగి ఇచ్చాడు. అక్కడి యమిత్ అనే సెటిల్‌మెంటుని తన ప్రభుత్వమే 1982లో నేలమట్టం చేసి మరీ ఖాళీ చేసింది. సెటిల్‌మెంట్లు తీయడం అసాధ్యం అని ఇవాళ ఎవరన్నా అంటే నాకు యమిత్ గుర్తొస్తుంది. అయితే ఆ ఒప్పందంలో పాలస్తీనా వాళ్ల సంగతి మాత్రం తేల్చలేదు. వాళ్లు లేకుండానే వాళ్ల గురించి రాసుకున్నారు. అదే అలవాటు 2020 అబ్రహాం ఒప్పందాల దాకా వచ్చింది. పాలస్తీనాని పక్కన పెట్టి గల్ఫ్ రాజులతో చేతులు కలిపితే అంతా సర్దుకుంటుందనుకున్నారు.

ఆ ధైర్యానికి ధర కూడా అలాగే పడింది. సాదత్‌ని 1981 అక్టోబరు 6న సొంత సైన్యంలోని వాళ్లే కాల్చారు. రబిన్‌ని 1995 నవంబరు 4న టెల్ అవీవ్‌లో శాంతి సభ ముగిసి మెట్లు దిగుతుంటే ఒక యూదు లా విద్యార్థి కాల్చాడు. ఆ ముందు సంవత్సరం ఫిబ్రవరిలో హెబ్రాన్ మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని గోల్డ్‌స్టీన్ అనే సెటిలరు చంపాడు. నలభై రోజులకి ఇజ్రాయెల్‌లోని అఫులాలో, హమాస్ అనే పాలస్తీనా సాయుధ సంస్థ బాంబు. 1996 ఫిబ్రవరి, మార్చిల్లో మళ్లీ బస్సుల్లో బాంబులు, మేలో ఎన్నికలు, ఒక్క శాతం తేడాతో నెతన్యాహు గెలుపు. ఒప్పందాన్ని చంపాలనుకున్నవాళ్లు రెండు పక్కలా ఉన్నారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఒకరి పని ఒకరు చేసిపెట్టారు. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. శాంతి కోరేవాళ్లు కూడబలుక్కోలేకపోయారు గానీ, శాంతిని కాల్చేవాళ్లకి కూడబలుక్కునే అవసరమే లేకపోయింది.

శరణార్థుల ముడి మరీ కష్టం. 1948లో ఏడు లక్షల మంది పాలస్తీనా వాళ్లు ఇళ్లు వదిలారు. కొందర్ని వెళ్లగొట్టారు, కొందరు భయంతో పరుగెత్తారు. వాళ్ల సంతానంతో కలిపి ఐక్యరాజ్యసమితి పుస్తకాల్లో ఇప్పుడు యాభై తొమ్మిది లక్షల మంది. కూలిపోయిన ఇంటి తాళంచెవి ఇప్పటికీ గోడకి తగిలించుకుంటారు. ఇటు చూస్తే, యూరప్‌లో అరవై లక్షల మంది సొంతవాళ్లని పోగొట్టుకుని వచ్చినవాళ్లు, ఆ తర్వాత ఇరాకు, యెమెన్, మొరాకో లాంటి చోట్ల నుంచి కట్టుబట్టలతో వచ్చిన లక్షల మంది యూదులు. తిరిగి వెళ్లడానికి వాళ్లకీ చోటు లేదు. ఒక పక్క తాళంచెవి, ఇంకో పక్క తలుపే లేని జనం. అంకెలతో, పరిహారంతో, కొందరిని రానిచ్చి కొందరికి వేరే చోట ఆశ్రయమిచ్చి దీనికి దారి వెతకొచ్చని 2001 జనవరిలో ఈజిప్టులోని టాబాలో చర్చలకి కూర్చున్న రెండు పక్కలవాళ్లకీ తోచింది. అప్పటికే రెండో ఇంతిఫాదా మంటల్లో ఉంది. ఇజ్రాయెల్‌లో ఎన్నికలొచ్చాయి, టాబా ముగిసింది.

గాజా గురించి మాట్లాడాలంటే నా గొంతు పెగలదు. 2005లో ఇజ్రాయెల్ ప్రధాని షరోన్ అక్కణ్నించి 21 సెటిల్‌మెంట్లనీ, ఎనిమిది వేల మందినీ ఖాళీ చేయించాడు. మంచి పనే. కానీ ఎవరితో మాట్లాడి, ఎవరికి అప్పగించి? ఎవరితోనూ లేదు. చర్చలు చేసిన పాలస్తీనా అధ్యక్షుడు అబ్బాస్‌కి ఏమీ దక్కనట్టు, తుపాకీ పట్టుకున్న హమాస్ వల్లే వెళ్లినట్టు కనిపించింది. 2006 జనవరి ఎన్నికల్లో హమాస్ గెలిచింది. 2007లో గాజాని బలంతో చేజిక్కించుకుంది. ఇజ్రాయెల్‌ని గుర్తించేది లేదంది, రాకెట్లు వేసింది. ఇజ్రాయెల్, ఈజిప్టు చుట్టూ దిగ్బంధం చేశాయి. పాలస్తీనా రెండుగా చీలి ఉండడమే మేలని కొందరు ఇజ్రాయెల్ నాయకులకి తోచింది. ఎవరితో మాట్లాడాలి, మాట్లాడేవాడు ఎక్కడ అని అడగడానికి వీలుగా.

ఇద్దరి పేర్లు చెబుతాను, గుర్తు పెట్టుకోండి. ఇజ్జెల్‌దీన్ అబులైష్ అని గాజా డాక్టరు. జబాలియా శరణార్థి శిబిరంలో పుట్టి, ఇజ్రాయెల్ ఆసుపత్రుల్లో యూదు తల్లులకి పురుళ్లు పోసినవాడు, హీబ్రూ ధారాళంగా మాట్లాడతాడు. 2009 జనవరిలో ట్యాంకు గుళ్లు ఆయన ఇంటి మీద పడి ముగ్గురు కూతుళ్లు, అన్నదమ్ముల బిడ్డ ఒక్కసారే చనిపోయారు. ఆ క్షణంలో ఆయన ఫోన్ చేసింది ఎవరికి? ఇజ్రాయెల్ టీవీలో పనిచేసే స్నేహితుడికి. ఆ ఏడుపు హీబ్రూలో, స్టూడియోలో, ప్రత్యక్ష ప్రసారంలో దేశమంతా విన్నది. అంతకుముందు వందలమంది పోయినా చలించనివాళ్లు ఆ రోజు చలించారు. ఎందుకు? ఆ మనిషిని ఎరుగుదురు కాబట్టి. రెండోది వివియన్ సిల్వర్. బేరీ కిబుత్జ్ అనే సమష్టి గ్రామంలో ఉండేది, గాజా రోగుల్ని గేటు దగ్గర ఎక్కించుకుని ఇజ్రాయెల్ ఆసుపత్రులకి కారులో తీసుకెళ్లిన శాంతి కార్యకర్త. 2023 అక్టోబరు 7న హమాస్ చంపిన సుమారు 1,200 మందిలో ఆవిడ కూడా ఉంది. చంపినవాళ్లకి ఆవిడ ఎవరో తెలీదు. తెలిసే వీలే లేని కాలంలో పెరిగినవాళ్లు.

ఆ తర్వాత గాజా మీద పడిన దానికి ఏ మాటా చాలదు. అక్కడి ఆరోగ్య శాఖ లెక్కలో చనిపోయినవాళ్లు అరవై వేలు దాటారు. అందులో పసిపిల్లలు వేలకు వేలు. ఊళ్లకి ఊళ్లు పిండి అయిపోయాయి, తిండి కూడా ఆపారు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ అన్నారు, అక్టోబరు 7న హమాస్ ఎత్తుకెళ్లిన బందీల్లో ప్రాణాలతో మిగిలినవాళ్లు ఇళ్లకి చేరారు. అక్టోబరు 7 అన్యాయం కాబట్టి దీన్ని అడగకూడదనేవాణ్ణి నేను ఒప్పుకోను. ఇది అన్యాయం కాబట్టి దాన్ని మర్చిపోవాలనేవాణ్ణీ ఒప్పుకోను. మా ఇంట్లో రెండు జట్లకీ నా మీద కోపం ఇందుకే.

ఇప్పుడు మనకి దగ్గర సంగతి. నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి ఎంతోమంది ఎప్పటినుంచో ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లని కనిపెట్టుకుని ఉండే పని చేస్తున్నారు. వాళ్ల చాకిరీ మీద ఆ దేశంలో ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి. అక్టోబరు 7 తర్వాత లక్షకు పైగా పాలస్తీనా కూలీల పర్మిట్లు రద్దయ్యాయి. కట్టుబడి పనులు ఆగిపోయాయి. ఆ ఖాళీల్లోకి మనవాళ్లని పిలిచారు. 2024లో హైదరాబాదులోనే ఎంపికలు జరిగాయి. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్. నెలకి లక్షా ముప్పై వేల పైమాటే. వెళ్లే కుర్రాణ్ణి నేనేమీ అనను, ఇంట్లో అప్పుంది, చెల్లెలి పెళ్లుంది, దుబాయిలో ఇందులో సగం కూడా ఇవ్వరు. కానీ వాడు ఎక్కే ఆ పరంజా మీద మొన్నటిదాకా ఇంకొకడున్నాడు. హెబ్రాన్ నుంచో జెనిన్ నుంచో వచ్చేవాడు, హీబ్రూ మాట్లాడేవాడు, యజమాని పిల్లల పేర్లు తెలిసినవాడు. గేటు మూసిన తర్వాత మిగిలిన ఆ ఒక్క కిటికీ కూడా ఇలా మూసుకుపోయింది. మన మేస్త్రి వెళ్లి పని పూర్తి చేస్తాడు, డబ్బు పంపిస్తాడు, తిరిగొస్తాడు. ఆ రెండు జనాలకి మాత్రం కలిసి పనిచేసే చోటు ఇంకొకటి తగ్గింది.

అలా అని అక్కడ మనుషులే లేరనుకోకు. బిడ్డల్ని పోగొట్టుకున్న రెండు పక్కల తల్లిదండ్రులూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే పేరెంట్స్ సర్కిల్ 1995 నుంచి నడుస్తోంది. రెండు జాతుల పిల్లలు ఒకే బడిలో చదువుకునే నెవే షాలోమ్ అనే ఊరు ఉంది, దానికే అరబ్బీలో వాహత్ అల్ సలామ్ అని పేరు. అక్టోబరు 7 తర్వాత కూడా ఆ బడి తెరిచారు. మీ ఫోన్లలో అవి కనపడవు. అరుపులే కనపడతాయి, నిదానం ఉన్నవి కనపడవు. మా రేడియోకి అరవడం రాదు, అదే దాని గొప్పతనం.

చివరగా పెద్దవాళ్ల గురించి ఒక మాట. పెద్దలంటే గౌరవం ఉండాలని మిమ్మల్ని రోజూ సతాయించేవాణ్ణి నేనే. 1993లో ఆ పచ్చిక మీద పాలస్తీనా తరఫున సంతకం పెట్టింది మహమూద్ అబ్బాస్. 2005 జనవరిలో నాలుగేళ్ల పదవికి ఎన్నికైన ఆయన తొంభైకి చేరినా ఆ కుర్చీలోనే ఉన్నాడు. 1996లో మొదటిసారి ప్రధాని అయిన నెతన్యాహు చుట్టూనే ఇప్పటికీ ఇజ్రాయెల్ రాజకీయమంతా తిరుగుతోంది. 2006 జనవరిలో ఓటు వేసే వయసు రాని పాలస్తీనా కుర్రాళ్లకి ఇప్పుడు మీసాలు నెరుస్తున్నాయి. వాళ్లలో ఒక్కడు కూడా తన చట్టసభకి ఓటేసి ఎరగడు. ఎన్నికలు గాజాలో హమాస్ పెట్టలేదు, రామల్లాలో అబ్బాస్ పెట్టలేదు. 2021 మే 22న అని తేదీ వేశారు, జాబితాలు సిద్ధమయ్యాయి, జనం ఉత్సాహంగా పేర్లు నమోదు చేయించుకున్నారు. తూర్పు జెరూసలేములో పోలింగుకి ఇజ్రాయెల్ నుంచి అనుమతి రాలేదని చెప్పి అబ్బాస్ వాయిదా వేశాడు. ఆ అనుమతి ఇజ్రాయెల్ ఇచ్చి ఉండాల్సింది. ఇవ్వకపోయినా ఈయన పెట్టి ఉండాల్సింది. నా ఈడు వాళ్లు ఇప్పుడు ఆ కుర్చీల్లోంచి లేవాలి. సంధి రాసుకునే హక్కు, గోడకి అటూ ఇటూ రేపటినుంచి బతకాల్సిన ఆ ముప్పై ఏళ్లవాళ్లది. ముందు వాళ్ల ముందు ఒక ఓటు పెట్టె పెట్టాలి, జెరూసలేములో కూడా.